మా మాస్టారి ‘రెస్తే’

ఫ్రెంచి మాస్టారు పోయిన బుధవారం ఉదయం కన్నుమూశారు. కోసపాళయంలో, మా పక్కింటి వరండాలో, పాఠం చెబుతూనే పోయారు. ఎదురుగా పిల్లలెవరూ లేరు.

నేను యానాం నుంచి బదిలీ మీద వచ్చిన కొత్తలో, బళ్ళో నేర్చిన ఫ్రెంచి ఆఫీసు ఫైళ్ళకు చాలేది కాదు. సాయంత్రాలు ఆ వరండాలో, పిల్లల వెనక బల్ల మీద కూర్చుని మళ్ళీ క్రియారూపాలు వల్లించాను. ఇవాళ పాత కాగితమేదైనా తడుముకోకుండా చదువుతున్నానంటే ఆయన చలవే. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువారైనా ఆయనకు తెలుగు చదవడం రాదు. నా పేరు కూడా ఫ్రెంచి అక్షరాల్లోనే రాసుకునేవారు.

‘రెస్తే’ అనే క్రియ ఆయనకు ప్రాణం. ఉండిపోవడం అని అర్థం.

“అంతా ఒక తల్లి బిడ్డలే తంబీ,” అనేవారు. “లాటిన్‌లో పుట్టింది. ఫ్రెంచిలో, ఇటలీలో ఉండిపొయ్యేది. స్పెయిన్‌కి పోతే అదే మాట లెక్కలో తీసేసేది. తీసేస్తే మిగిలేదేగదా ఉండేది!”

తర్వాత ఈ ఊళ్ళో ఫ్రెంచివాళ్ళ పాలన పోయింది; ఫ్రెంచి పౌరసత్వం కావాలన్నవాళ్ళు గడువులోగా సంతకం పెట్టాలన్నారు. పిల్లల కుటుంబాలు ఒక్కొక్కటే ఫ్రెంచి దేశానికి ఓడెక్కాయి. బల్లలు ఖాళీ అయినా ఆయన తీయలేదు.

ఒక మధ్యాహ్నం జ్వరమొచ్చి తొందరగా ఇంటికొచ్చాను. వరండాలోంచి మాస్టారి గొంతు వినిపించింది.

“మళ్ళీ చెప్పు. కడాన ఎస్ పలకగూడదు.”

తొంగిచూస్తే ఎవరూ లేరు.

“ఎవరికి చెబుతున్నారు మాస్టారూ?”

“నువ్వూ కూర్చో. ఆడ గాదు, ఆడ పిల్లకాయలుండారు.”

నేను పక్కకు జరిగాను.

మార్సెయ్‌లో ఉన్న తమ్ముడు రమ్మని ఎన్ని ఉత్తరాలు రాసినా ఆయన సంతకం పెట్టలేదని తర్వాత ఆయన భార్య చెప్పింది. “నేను బోతే ఈ పిల్లకాయలకు చెప్పేదెవురు అన్నాడు. అప్పటికి ఒక్క పిల్లకాయా లేడు తంబీ.”

బుధవారం ఆమె వంటింట్లో కాఫీ కలుపుతోంది. మాస్టారు “ను రెస్తోఁ” అన్నారట. మేము ఉంటాం అని. ఆ తర్వాతి రూపం పిల్లలు అప్పజెప్పాలి. ఎప్పటిలాగే ఆగారనుకుంది.

“కొంచేపటికి ‘వు రెస్తే’ అని ఇనబడింది. అది ఆయన గొంతు గాదు తంబీ, చిన్న గొంతు. కాఫీ ఎత్తుకొని పోయి చూస్తే తల వాలిపోయుండాది. ఆ మాటకు అర్థమేంది?”

“మీరు ఉంటారు అని, అమ్మా.”

ఆమె ఏడవలేదు. తలూపింది.

ఈ ఉదయం నేను ఆఫీసుకు బయల్దేరేటప్పటికి ఆమె వరండా ఊడుస్తోంది. ఒక్కో బల్ల దగ్గరా, ఎవరో కాళ్ళు పైకెత్తేదాకా ఆగినట్టు, చీపురు కాసేపు ఆపి, ఆ తర్వాతే కిందికి పోనిస్తోంది.