దండకు కాపలా పెట్టిన నూనె డబ్బా

కొండ మీద నిలబడి, కొండ కింద వాళ్ళు తెచ్చే దండ కోసం ఎదురుచూసే స్వామికి దండం. పువ్వుకు వాసన ఇచ్చినదీ ఆయనే, మన ముక్కుకు ఆశ ఇచ్చినదీ ఆయనే, ఆ ఆశను కాసేపు పట్టి ఉంచుకొమ్మన్నదీ ఆయనే. మన తప్పులు ఆయన చెవిన పడేలోపే ఏదో ఒక మాట చెప్పి మనల్ని గట్టెక్కించే అమ్మకు ఇంకా ముందుగా దండం. ఆ ఇద్దరినీ తలచుకుని ఇది రాస్తున్నాను.

మా అత్తగారిల్లు చిత్తూరులో. తమిళుల ఆడి నెలలో పూర్వఫల్గుణి నాడు, అంటే ఆండాళ్ అమ్మ పుట్టిన తిరునక్షత్రం నాడు, తిరుపతిలో ఒక చిన్న పెరుమాళ్ళ గుడికి మల్లెదండ పంపడం మా అత్తగారి పుట్టింటి కైంకర్యం. ఆ ఇంట్లో మగపిల్లలు లేక అది ఆమెతో పాటు మా ఇంటికి వచ్చింది. పువ్వులు మా పెరట్లోవే. తెల్లవారకముందే మడి కట్టుకుని, ముక్కూ నోరూ మూసేలా గుడ్డ కట్టుకుని దండ గుచ్చుతాం. స్వామి కంటే ముందు ఎవరూ ఆ వాసన చూడకూడదు. పొరపాటున ఎవరైనా ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ పువ్వు ఇక మనిషిదే, దేవుడిది కాదు. గుడి గోష్ఠిలో నలుగురితో కలిసి ఆళ్వార్ల పాశురాలు చెప్పే మా నాయన నాకు చిన్నప్పుడే ఇది నేర్పాడు కాబట్టి, అత్తగారి దగ్గర నాకు కొత్తగా నేర్చుకోవలసినది లేకపోయింది.

కొత్తగా వచ్చి పడినదల్లా కారు. మామగారి శిష్యుడొకాయన బదిలీ మీద దూరదేశం పోతూ తన పాత కారు మాకు వదిలి వెళ్ళాడు. అంతకుముందు పాకాల దాకా బస్సు, అక్కడ నుంచి రైలు, గంప ఎవరి తలకూ తగలకుండా నెట్టుకుంటూ పోవడం. కారు వచ్చాక ఆ బాధ తీరిందనుకున్నాం. మొదటి ఏడాదే పరువు పోయింది.

ఇంజను ముసలిది. లోపల రింగులు అరిగిపోయి, కాలిన గాలి నూనె తుంపరతో కలిసి కిందికి దిగేది. ఇంజను ఊపిరి వదలడానికి ఒక గొట్టం ఉంటుంది. దానిలోంచి ఆ నూనె పొగ బయటికి వచ్చి, వేడి సైలెన్సర్ గొట్టం మీద పడి మాడి, కారు అడుగున ఉన్న తుప్పు చిల్లుల్లోంచి మేము కూర్చునే చోటికి వచ్చేది. మాకు అలవాటైపోయి తెలియలేదు. గుడిలో అర్చకస్వామి గంప మీద అరిటాకు తీసి, చాచిన చేతులు వెనక్కి లాక్కున్నారు.

"అమ్మా, నేను వాసన చూడలేదు. వాసనే నన్ను చూసింది" అన్నారు నొచ్చుకుంటూ. "ఇది పెరుమాళ్ళకు ఎట్ల వేసేది? మీకు అంత దూరం నుంచి కష్టంగా ఉంటే, వచ్చే ఏటి నుంచి ఈడనే కట్టిస్తాంలే."

అత్తగారు జడలో ఉన్న పువ్వులు తీసి ఆ గంపలోనే వేశారు. తన దండ స్వామి మెడలో పడేదాకా తలలో పువ్వు పెట్టనని ఇంటికి వచ్చాక మాతో అన్నారు. ముత్తైదువ తలలో పువ్వు లేకపోతే ఊరు ఊరుకుంటుందా? పేరంటాలకు వెళితే ఎవరో ఒకరు మెల్లగా దగ్గరికి జరిగి, "ఇంటాయనకు ఒంట్లో ఎట్లుండాది?" అని అడిగేవాళ్ళు. మామగారు ఎదురుగా అరుగు మీద కూర్చుని పిల్లలకు పాశురాలు చెబుతూనే ఉన్నా సరే.

ఆ ఏడాదంతా మా ఆయనకు అన్నం సహించలేదు. తాలూకా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఇంజను విప్పి బాగు చేయించే స్థోమత మాకు లేదు. చివరికి ఒక పాలపొడి డబ్బా తెచ్చుకుని పెరట్లో కూర్చున్నారు. మూతకు రెండు చిల్లులు పెట్టి, రెండు గొట్టం ముక్కలు టంకం వేయించారు. లేతు మిషను కింద రాలే ఇనుప చుట్టలు తెచ్చి, కిరసనాయిల్లో కడిగి ఆరబెట్టి, డబ్బా నిండా కూరారు. ఇంజను ఊపిరి ఒక రబ్బరు గొట్టం గుండా డబ్బాలోకి వస్తుంది. ఇనుప చుట్టల్లో పడి తిరిగేసరికి నూనె వాటికి అంటుకుని అడుగుకు కారిపోతుంది. మిగిలిన గాలి రెండో గొట్టం గుండా కారు కింద నుంచి డిక్కీ వెనక్కి పోతుంది. నేను దీపం పట్టుకుంటే ఆయన చెబుతూ బిగించారు.

కార్లు బాగుచేసే షెడ్డు మేస్త్రి వచ్చి బానెట్ లోపలికి తొంగి చూసి పకపక నవ్వాడు. "సామీ, ముసిలోడు దగ్గుతా ఉంటే నోటికి డబ్బా కడతారా ఎవరన్నా?"

"ఉమ్మేదానికి తొట్టి పెడతారు గదప్పా. ఇదీ అంతే."

"పెట్టు పెట్టు. రేపు నాకు దగ్గొస్తే నీ దగ్గరికే వస్తా."

ఇక పరీక్ష ఎలా చేయాలి? దేవుడి పువ్వులు వాసన చూడలేము. అత్తగారే ఉపాయం చెప్పారు. ఉతికిన తెల్ల తువ్వాలు తడిపి గంపలో పెట్టి, మా ఆయన ఒక సాయంత్రం పూతలపట్టు దాకా పోయి వచ్చారు. అత్తగారు ఆ తువ్వాలును ఇటు తిప్పి అటు తిప్పి, మడతలు విప్పి మరీ వాసన చూశారు. ఏడాదిగా ఆపుకున్నదంతా ఆ తువ్వాలు మీద తీర్చుకున్నట్టుంది. "సబ్బు వాసనే ఉండాది" అన్నారు. డబ్బా మూత తీస్తే అడుగున కాటుక లాంటి నూనె. నిరుడు మా దండ మీదికి వచ్చినది ఇలాంటిదే.

తిరునక్షత్రం రోజు వచ్చింది. మామగారు గోష్ఠి కోసం ముందే తిరుపతి చేరారు. మేము ముగ్గురం బయలుదేరాం. వెనక సీట్లో అత్తగారికీ నాకూ మధ్య గంప, దాని మీద అరిటాకు, దాని మీద తడిగుడ్డ. ఇద్దరి ముక్కులకూ గుడ్డ. గోష్ఠి పూర్తయ్యే వేళకు దండ గుడిలో ఉండాలి.

ఆడి నెల గాలి ఎండను మోసుకుని వచ్చి కొడుతోంది. నేండ్రగుంట దాటి ఎక్కుడు మొదలయ్యేసరికి ఇంజను గొంతు మారింది.

"ఏమే, వాసన ఏమన్నా వస్తా ఉండాదా?" అన్నారు మా ఆయన వెనక్కి తిరగకుండా.

"ముక్కు కట్టుకుని ఉంటే నాకేం తెలుస్తుందండీ? మీకు తెలియలేదా?"

"నేను పొద్దస్తమానం దాంట్లోనే ఉంటిని. నా ముక్కును నమ్మేదానికి లేదు."

ఆ మాట అంటూండగానే బానెట్ అంచు నుంచి నీలి పొగ లేచింది.

"ఆపరా అబ్బయ్యా! ఆపు!" అని అరిచారు అత్తగారు.

కారు ఆగీ ఆగకముందే నేను గంపతో కిందికి దిగి గాలికి ఎదురుగా పరుగెత్తాను. దేవుడి పువ్వులు నేల మీద పెట్టకూడదు కాబట్టి తలకెత్తుకుని నిలబడ్డాను. తడిగుడ్డ నుంచి నీళ్ళు మెడ మీదికి కారుతున్నాయి. పొగ గంపలోకి దిగిందా లేదా? అదొక్కటే నా మనసులో. ఆకు తీసి చూడవచ్చు. చూస్తే మల్లె తెల్లగానే కనిపిస్తుంది. తెలుసుకోగలిగిన ముక్కు నా ముఖాన ఉంది, దాన్ని వాడే అధికారం నాకు లేదు.

మా ఆయన బానెట్ ఎత్తారు. డబ్బా బాగానే ఉంది. డబ్బాకు పోయే రబ్బరు గొట్టం మాత్రం ఇంజను వేడికి మెత్తబడి, వంపు దగ్గర ఉడికిన పొట్లకాయలా చప్పిడైపోయింది. ఊపిరికి దారి మూసుకుపోతే ఇంజను ఊరుకుంటుందా? నూనె పోసే మూత సందుల్లోంచి చిమ్మి సైలెన్సర్ మీద పడుతోంది. సాయంత్రం చల్లదనంలో, చదును రోడ్డు మీద చేసిన పరీక్షలో ఇది బయటపడలేదు.

"ఆ వంపులో జానెడు ఇనుప గొట్టం ఉంటే చాలు, గట్టిగా నిలబడతాది" అంటూ చుట్టూ చూశారు.

రోడ్డు పక్కన తాటాకు కొట్టంలో టీ అంగడి. ఒకామె పొయ్యి ముందు గొంతుకూర్చుని మంట ఊదుతోంది. ఆయన చూపు అక్కడే ఆగిపోయింది.

"ఏం సామీ, నా తట్టు అట్ల సూస్తా ఉండావు?"

"నిన్ను గాదమ్మా. నీ చేతిలో ఊదుగొట్టాన్ని."

"ఇదిస్తే నా పొయ్యి ఎవురు ఊదతారు? నీ కారొచ్చి ఊదతాదా?" అని, అప్పుడు నన్ను చూసింది. "ఏం పాపా, ఎండలో ఎంతసేపు మోస్తావు? ఆ బెంచీ మింద దించు."

"దేవుడి పూలమ్మా. దించకూడదు."

ఆమె ముఖంలో నవ్వు పోయింది. ఊదుగొట్టాన్ని కొంగుతో తుడిచి, చేయి చాచింది. మా ఆయన అందుకోబోయేంతలో అత్తగారు గొంతు తగ్గించి అన్నారు. "రేయ్, అది దినామూ నోట్లో పెట్టుకునేది. ఎంగిలి. దేవుడి పూలు పోయే బండికి..."

టీ అంగడామె చెవులు చురుకైనవి. "నిజమే తల్లీ, ఒక కొస నా నోట్లో ఉంటాది. రెండో కొస నిప్పుల్లో ఉంటాది. నిప్పుకన్నా మడి యాడుండాదో నువ్వే సెప్పు."

అత్తగారు ఎండ వైపు చూశారు, నా వైపు చూశారు. నేను గంప కింద చేతులు మార్చి పట్టుకున్నాను. ఉండబట్టలేక, "అత్తా, ఈ పొద్దు ఎవరి తిరునక్షత్రం?" అన్నాను.

తాను ముడుచుకుని విడిచిన దండనే స్వామికి ఇప్పించిన తల్లి పుట్టినరోజు అది. నేను ఏం చెప్పబోతున్నానో ఆమెకు తెలిసిపోయింది.

"అది ఆ తల్లికి చెల్లింది. నీకూ నాకూ చెల్లదు" అన్నారు కటువుగా. నేను తల దించుకున్నాను, గంపతో దించుకోగలిగినంత. ఆమె కొడుకు వైపు తిరిగారు. "తీసుకోరా. పొద్దు పోతా ఉండాది."

మా ఆయన మెత్తబడిన ముక్క కోసేసి, రెండు కొసలనూ ఊదుగొట్టానికి తొడిగి, తీగ చుట్టి బిగించారు. మూత చుట్టూ ఉన్న నూనె తుడిచి, సైలెన్సర్ మీది మరక మాడి పోయేదాకా బానెట్ తెరిచే ఇంజను నడిపారు. పొగ పలచబడి ఆగిపోయింది. మళ్ళీ బయలుదేరాం. చంద్రగిరి కోట కనిపించినప్పుడు అత్తగారు గంప అంచు మీద చేయి వేసి, కళ్ళు మూసుకున్నారు.

గుడిలో గోష్ఠి ముగింపుకు వచ్చింది. అందరి గొంతుల మధ్య మామగారి బొంగురు గొంతు గుర్తుపట్టాను. ఆయన మమ్మల్ని చూశారు కానీ పాశురం ఆపకూడదు. అర్చకస్వామి వచ్చారు. అత్తగారు గంప పట్టుకున్నారు. ఆయన గుడ్డ తీశారు, ఆకు తీశారు, ఒక్క క్షణం ఆగారు. అత్తగారు ఆయన ముఖం చూడడం లేదు. నిరుడు వెనక్కి పోయిన ఆ చేతులనే చూస్తున్నారు.

చేతులు గంపలోకి దిగాయి. దండ పైకి లేచింది. అది గర్భగుడి చీకట్లోకి వెళ్ళి దీపం ముందు తెల్లగా మెరిసేదాకా నేను ఊపిరి తీసుకున్నట్టు లేదు.

హారతి అయ్యాక స్వామి మెడలోని దండ నుంచి ఒక మూర తెచ్చి అత్తగారి చేతిలో పెట్టి, "ఇప్పుడు చూసుకోండమ్మా, ఎంత వాసన కావాలంటే అంత" అని నవ్వారు అర్చకస్వామి. ఆమె వాసన చూడలేదు. నా వైపు వీపు తిప్పి, "పెట్టు" అన్నారు. ఏడాది తర్వాత ఆ నెరిసిన జడలో పువ్వులు తురుముతుంటే, నా ముక్కుకు గుడ్డ ఇంకా ఉన్నట్టు గుర్తొచ్చింది. విప్పేశాను. మల్లె, మధ్యలో మరువం, వాటి అడుగున ఎక్కడో పొగ. అది సాంబ్రాణిదో, మా సైలెన్సర్‌దో, టీ అంగడి పొయ్యిదో చెప్పలేను. స్వామి పుచ్చుకున్నదానిలో వెతకడం నా పని కాదని ఊరుకున్నాను.

మా ఆయన లోపలికి రాలేదు. చేతుల నలుపు పోలేదని బావి దగ్గర ఇసుకతో రుద్దుకుంటూ, గుమ్మం వైపు మెడ చాచి, ఏమైందని చేయి ఊపి అడిగారు. అత్తగారు గుమ్మం దాకా వెళ్ళి, తల పక్కకు తిప్పి జడ చూపించారు. ఆయన తడి ఇసుక అంటిన చేతులు అలాగే జోడించారు.

తిరిగి వెళ్ళేటప్పుడు టీ అంగడి దగ్గర ఆగి, తిరుపతిలో కొన్న కొత్త ఊదుగొట్టం ఇచ్చాం. అత్తగారు తన జడలోంచే నాలుగు మల్లెలు తుంచి ఆమెకు ఇచ్చారు. ఆమె వాటిని కళ్ళకద్దుకుని, "పాతది బాగా ఊదతా ఉండాదా సామీ?" అని అడిగింది. ఆ కారును అమ్మేదాకా ఆ గొట్టం దానిలోనే ఉంది.

ఇది చదివినవాళ్ళు నాతో పాటు ఒక్కసారి చేతులు జోడించండి. స్వామీ, మేము వదిలే ఊపిరిలో ఉన్న మడ్డి నీ పువ్వుల మీద పడకుండా ఏదో ఒక డబ్బాలో పట్టి ఉంచు. మా బుద్ధి వేడికి మెత్తబడి చప్పిడైపోయిన చోట, ఎవరి పొయ్యి దగ్గరదైనా సరే, ఒక గట్టి గొట్టం అందించు. అందించినప్పుడు అది ఎంగిలి అని మేము వెనక్కి పోకుండా చూడు. మేము తెచ్చినది ఎలా ఉన్నా, నీ చేతులు మాత్రం వెనక్కి తీసుకోకు.