‘మళ్ళీ’ అనడం మానేసిన తాళాలమ్మ

మా చెల్లెలు సాధించిన మొదటి ఘనకార్యం స్నానాల గదులకు తలుపులు. ఇది చదివి నవ్వేవాళ్ళుంటారు. నవ్వుకోండి. గాలికి ఎగిరిపోయే గోనె పరదాను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో సబ్బు రుద్దుకున్న ఆడపిల్లలెవరూ నవ్వరు.

ఈ క్రైస్తవ బోర్డింగ్ హైస్కూల్లో ఆడపిల్లల హాస్టలుకు ఆమె వార్డెనుగా చేరిన కొత్తలో సంగతి. తలుపులు కావాలని కమిటీని అడిగింది. “అందరూ ఆడపిల్లలే కదమ్మా, తలుపులెందుకు?” అన్నారు పెద్దలు. మరుసటేడు మళ్ళీ అడిగింది. “ప్రార్థనలో పెడదాం” అన్నారు. ఆ పై ఏడు, కమిటీ కూర్చున్న సమయం చూసి, వడ్రంగిని వెంటబెట్టుకుని వెళ్ళి ఆ గది తలుపుకే కొలతలు తీయించడం మొదలుపెట్టింది.

“ఏమిటమ్మా ఇది?” అన్నారు అధ్యక్షులవారు.

“లోపలున్నది అందరూ మగవాళ్ళే కదండీ, మీకు మాత్రం తలుపెందుకు? పట్టుకుపోతాను” అంది.

ఆ నెల తిరక్కుండానే తలుపులొచ్చాయి, లోపలి గడియలతో సహా. అది నా చెల్లెలు. నేను మా ఊరి బడిలో అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని. దాని పలకమీద మొదటి అక్షరం దిద్దించింది మాత్రం నేనే. ఆ మాట ఎక్కడైనా చెబుతాను, అడగకపోయినా చెబుతాను.

రెండో ఘనకార్యం స్నానాల వరస. తెల్లారి గంట కొట్టగానే బకెట్లతో పరుగులు, జుట్టు జుట్టు పట్టుకోవడాలు, చివరి మంచాలవాళ్ళకు తొట్టి అడుగు నీళ్ళు. మా చెల్లెలు ఒక రూలు పెట్టింది: ఈ వారం గుమ్మం వైపు మంచాల నుంచి మొదలు, వచ్చే వారం కిటికీ వైపు నుంచి. అంతే, కొట్లాట పోయింది. ఇప్పటికీ అదే నడుస్తోంది. ఆదివారం మధ్యాహ్నం ఇళ్ళకు ఫోన్లు చేసుకునే వరసా అదే.

మూడోది చెప్పేటప్పుడు నాకు గర్వం కంటే కోపమే ఎక్కువ వస్తుంది. ఎందుకంటే తర్వాత జరిగిందంతా దానివల్లే. ఒక ఏడు, పాటల బృందంలో చోటు పోతుందని ఒక పిల్ల జ్వరం దాచిపెట్టింది. స్తుతి పాట సగంలో పడిపోతే ఆస్పత్రికి మోసుకెళ్ళారు. బతికి బట్టకట్టిందిలెండి. కానీ ఆ రోజు నుంచి మా చెల్లెలు భోజనాల గది గోడమీద ఒక రూలు రాయించింది. జబ్బు దాచకూడదు. దాచినవాళ్ళు తమ బాధ్యత ఇంకొకరికి అప్పగించి జబ్బు గదికి వెళ్ళాలి, డాక్టరు చెప్పేదాకా తిరిగి రాకూడదు. ఎదుటివాళ్ళ జబ్బు తెలిసీ చెప్పనివాళ్ళదీ తప్పే. ఈ రూలును పిల్లలు భోజనానికి ముందు ప్రార్థన ఎంత గడగడా చెబుతారో అంత గడగడా చెబుతారు.

పిల్లలు ఆమెకు పెట్టిన పేరు తాళాలమ్మ. నడుముకు తాళాల గుత్తి ఉంటుంది. అది గలగలలాడితే చాలు, మాటలాగిపోతాయి, దిండు కింది మిఠాయి నోట్లోకి పోతుంది, నోరు మూసుకుపోతుంది. శనివారం పొద్దున మంచాల తనిఖీ. దుప్పటి అంచు లోపలికి మడిచి ఉండాలి, చెప్పులు మంచం కింద గోడవైపు మొహం పెట్టుకుని ఉండాలి, తువ్వాలు తీగమీదే ఉండాలి. ఒక్కో మంచం దగ్గర ఒక్కటే మాట. బాగుంటే “బాగుంది.” లేకపోతే “మళ్ళీ.” ‘మళ్ళీ’ అంటే మంచమంతా విప్పి మొదటి నుంచి వెయ్యాలి. మూడు మళ్ళీలు పడ్డ పిల్లలు ముక్కు చీదుకుంటూ నిద్రలో కూడా దుప్పట్లు మడిచేవాళ్ళట.

ఈ జనవరిలో హెడ్మిస్ట్రెస్సుగారు నాకు ఫోన్ చేశారు. “మీ చెల్లెలుగారికి రెండు కళ్ళకూ ఆపరేషన్ చెయ్యాలని డాక్టరుగారు చెప్పి చాలా కాలమైందండీ. ముదిరితే ఆ తర్వాత చేసినా లాభం ఉండదన్నారు. ఆవిడ వినడం లేదు. మీరు చెబితే వింటారేమో.”

నా చెల్లెలు ఎవరి మాట వింటుందో దేవుడికే తెలియాలి. ఆయన మాట కూడా గంట కొట్టాకే వింటుంది. అయినా బయల్దేరాను.

నేను చేరింది బుధవారం. వచ్చీ రాగానే సందర్శకుల గదిలో బల్లమీద కూర్చోబెట్టేసింది.

“అక్కా, చూడ్డానికి వచ్చేవాళ్ళు ఆదివారం రావాలి.”

“ఏమే, నేను నిన్ను చూడ్డానికొచ్చానే, పిల్లల్ని కాదు!”

“వార్డెన్ని చూడ్డానికి వేరే రోజని రూల్లో లేదు.”

హెడ్మిస్ట్రెస్సుగారు వచ్చి అనుమతి ఇచ్చేదాకా సొంత అక్కను గుమ్మం దాటనివ్వలేదు! నేను తెచ్చిన బిస్కెట్ల డబ్బా లాక్కుని, బయటి తిండి తెస్తే అందరికీ పంచాలన్న రూలు ప్రకారం ముక్కలు చేసి పంచేసింది. నా వాటాకు వచ్చిన ముక్క నా గోరంత.

కళ్ళ సంగతి ఎత్తితే, “కళ్ళకేమైంది? ఈ బల్బులకే వెలుతురు లేదు” అంది. హాస్టలు కరెంటువాడు పాపం అప్పటికే వరండా బల్బులన్నీ మార్చి, మార్చినవి మళ్ళీ మార్చాడట.

“డాక్టరు చెప్పింది బల్బుల గురించా, కళ్ళ గురించా?”

“పరీక్షలయ్యాక చూద్దాంలే. నేను ఇప్పుడు వెళ్తే ఎవరో ఒకరిని తెచ్చి పెడతారు. ఆ వచ్చినావిడ నా వరసలన్నీ తిరగేస్తుంది. అందులో ఈ ఏడు పిల్లలు ఎంత చక్కగా ఉన్నారనుకున్నావు! అర్ధ సంవత్సరం పరీక్షలైన దగ్గర్నుంచి నా నోట ‘మళ్ళీ’ అన్న మాట రాలేదక్కా. ఒక్కసారి కూడా!”

చెప్పొద్దూ, ఆ మాటకు నా ఛాతీ కూడా ఉబ్బింది. నా చెల్లెలు కాకపోతే ఇంకెవరు చెయ్యగలరు, అనుకున్నాను. ఆ ఉబ్బు రాత్రి భోజనాల దాకే.

భోజనాల బల్ల దగ్గర మా చెల్లెలు కూజాతో నా గ్లాసులో నీళ్ళు పోయబోయింది. ధార గ్లాసుకు జానెడు పక్కన పడబోతోంది. పక్కనున్న పదో తరగతి పిల్ల, అందరూ పొడుగుపిల్ల అంటారు, మాట్లాడుతున్నది మాట్లాడుతూనే గ్లాసును చప్పుడు కాకుండా ధార కిందికి జరిపింది. నీళ్ళు నిండాయి. మా చెల్లెలు కూజా దించింది. చుట్టూ ఉన్న పిల్లలెవరూ తల తిప్పలేదు. అలవాటైపోయిన పని.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు బట్టలుతికే రాళ్ళ దగ్గర పొడుగుపిల్లను పట్టుకున్నాను.

“ఏమ్మా, ఎన్నాళ్ళ నుంచి ఈ గ్లాసులు జరపడం?”

ముందు బుకాయించింది. తర్వాత తలదించుకుని చెప్పింది. “అర్ధ సంవత్సరం పరీక్షలప్పుడు పెద్దమ్మగారూ, ఒకసారి మా బుడ్డది దుప్పటి మడవనే లేదు. అమ్మగారు దాని మంచం దగ్గర ‘బాగుంది’ అన్నారు. అప్పుడు తెలిసింది మాకు. బయటివాళ్ళెవరైనా తనిఖీ చూస్తే అమ్మగారికి కనబడట్లేదని బయటపడిపోతుంది కదా, తీసేస్తారు కదా. అందుకని అందరం ఒట్టేసుకున్నాం. ఒక్క మంచం కూడా చెడకూడదని. మెట్ల దగ్గర ఎవరో ఒకరం ముందు నడుస్తాం.”

బుడ్డదంటే ఆరో తరగతి పిల్ల, వీళ్ళందరిలోకీ చిన్నది. పక్కనే నిలబడి బకెట్టు చెవి పట్టుకుని నా వంకే చూస్తోంది.

నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. తిట్టడమే అలవాటు కాబట్టి తిట్టాను. “మీ బంగారు బుద్ధి బుగ్గికానూ! మీరు ఇంత బుద్ధిమంతులై నా చెల్లెలి కళ్ళు పోగొడుతున్నారే! మీరు చక్కగా ఉన్నన్నాళ్ళూ దానికి తన కళ్ళు బాగున్నాయనే నమ్మకం. డాక్టరు కంటే మీరే దానికి పెద్ద సాక్ష్యం!”

పొడుగుపిల్ల మొహం తెల్లబోయింది. “ఇప్పుడేం చెయ్యమంటారు పెద్దమ్మగారూ?”

“చెడిపోండి” అన్నాను. “శనివారం ఒక్కపూట. ఎంత చెడిపోగలరో అంతా. నడిచే దారిలో మాత్రం ఏదీ పడెయ్యకండి, కాలికి తగులుతుంది.”

శనివారం పొద్దున ఆ హాలును చూడాల్సింది. అన్నాళ్ళ బుద్ధిమంతులు ఒక్క గంటలో ఎంత పని చేశారు! దిండ్లు కాళ్ళవైపు, చెప్పులు దిండ్లమీద, తడి తువ్వాళ్ళు కిటికీలకు. ఒక పెట్టె బోర్లా పడి ఉంది. పొడుగుపిల్ల మంచంమీద ఉతకని బట్టల కుప్ప. బుడ్డది మాత్రం తన మంచం పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడింది. దుప్పటి ఒక్క మూల లాగింది, అంతకు మించి చేతులు రాలేదట.

తాళాలు గలగలమన్నాయి. మా చెల్లెలు నడుం నిటారుగా పెట్టుకుని వచ్చింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

“బాగుంది,” అంది మొదటి మంచం దగ్గర. “బాగుంది. బాగుంది.”

ఒక్కో ‘బాగుంది’ నా గుండెల్లో ఒక్కో మేకు. కిటికీ దాకా వెళ్ళింది. చివరి మంచానిక్కూడా “బాగుంది” అని వెనక్కి తిరిగింది. అప్పుడు బుడ్డది ఆపుకోలేక వెక్కింది.

“ఎవరే అది? తనిఖీలో ఏడుపేమిటి?”

పొడుగుపిల్ల ముందుకొచ్చింది. “అమ్మగారూ, నా మంచంమీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.”

“ఎందుకు?”

“పెట్టండమ్మగారూ.”

పెట్టింది. బట్టల కుప్ప తగిలింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. పక్క మంచం తడిమింది. దిండుమీద చెప్పు. ఆ చెప్పును తీసి మంచం కింద గోడవైపు పెట్టింది. తర్వాత హాలు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా, ప్రతి మంచాన్నీ తడుముకుంటూ వెనక్కి వచ్చింది.

“మళ్ళీ,” అంది. “మళ్ళీ. మళ్ళీ. మళ్ళీ.”

బుడ్డది మంచం దగ్గర లాగిన మూలను వేళ్ళతో పట్టుకుని, తానే సరిగ్గా మడిచి, ఏమీ అనకుండా ముందుకొచ్చింది. గుమ్మం దగ్గర నన్ను పోల్చుకుంది. నా పౌడరు వాసన పట్టి ఉంటుంది.

“నీ పనేనా అక్కా?”

“నా పనే.”

“నలుగురిలోనా?”

“ఒంటరిగా చెబితే బల్బు మార్పిస్తావు కదే!”

ఆమె పిల్లలవైపు తిరిగింది. “జబ్బు దాచినవాళ్ళకు ఏమిటి రూలు?”

పిల్లలు ఒకరి వెనక ఒకరు నక్కారు.

“గోడమీద రాసింది మర్చిపోయారా? చెప్పండి!”

అందరూ కలిసి చెప్పారు. ఈసారి గడగడా కాదు. బాధ్యత ఇంకొకరికి అప్పగించి జబ్బు గదికి వెళ్ళాలి, అన్న దగ్గర సగంమంది ఆమె నడుముకున్న గుత్తి వంక చూశారు.

“ఎదుటివాళ్ళ జబ్బు తెలిసీ చెప్పనివాళ్ళకు?”

“వాళ్ళదీ తప్పే అమ్మగారూ.”

“అయితే నేను వచ్చేదాకా వరండా రోజూ మీరే కడగాలి. అందరూ. బుడ్డది కూడా.” నడుముకున్న గుత్తి విప్పింది. “పట్టుకో అక్కా.”

“నేనా? నాకెందుకే!”

“నా వరసలు తిరగెయ్యని మనిషి కావాలి. నువ్వు నాతో పోట్లాడతావు గానీ, నా రూలు మార్చవు.”

సంగతి తెలిసి వచ్చిన హెడ్మిస్ట్రెస్సుగారు అక్కడికక్కడే ఒప్పేసుకున్నారు. ఆవిడ కమిటీకి చెప్పిన మాట ఒక్కటే: వార్డెను పదవి ఖాళీ కాలేదు, సెలవులో ఉంది. తలుపుల సంగతి గుర్తున్న పెద్దలెవరూ ఎదురు చెప్పలేదు.

అలా నా నడుముకు ఈ గుత్తి వేలాడుతోంది. ఏ తాళం చెవి దేనిదో నాకు ఇప్పటికీ తెలియదు. నిన్న సామాను గది తెరవడానికి అన్నీ పెట్టి చూస్తుంటే పొడుగుపిల్ల వచ్చి, “మూడోది పెద్దమ్మగారూ” అని చెప్పి మరీ నవ్వింది. తెల్లారకముందే గంట కొట్టాలి. కిటికీ వారమో గుమ్మం వారమో నాకు గుర్తుండదు, వాళ్ళు మాత్రం మర్చిపోరు. మంచాలు నాకెందుకో అన్నీ బాగున్నట్టే కనబడతాయి. ‘మళ్ళీ’ అనడానికి నోరు రావడం లేదు. ఈ సంగతి దానికి తెలిస్తే నా పని అయిపోయినట్టే.

కుడికన్ను ఆపరేషన్ అయింది. కట్టు విప్పగానే అది మొదట చూసింది ఆస్పత్రి మంచం దుప్పటినట. నర్సును పిలిచి అంచు సరిగ్గా మడవలేదని చెప్పిందట. ఎడమకన్ను ఈ వారం. సోమవారం వెళ్ళొచ్చని డాక్టరు అంటే, కుదరదు, తనిఖీ రోజుకు తాను హాస్టల్లో ఉండాలి అని ఆయనతో గొడవపడి రెండు రోజులు ముందుకు జరిపించుకుంది. వరండా కడిగి కడిగి పిల్లల చేతులు గరుకెక్కాయి. బుడ్డది దుప్పటి మడవడం మూడుసార్లు సాధన చేసి చూపించింది నాకు. మా చెల్లెలు తిరిగి వచ్చేది ఫిబ్రవరి ఇరవై రెండు, శనివారం.