పాఠకులు పరామర్శకు వచ్చిన రోజు

మా అమ్మకు అల్జీమర్స్. ఆ జబ్బుతో ఆమె, ఆమెతో నేను నెట్టుకొస్తున్న సంగతంతా నవలగా రాశాను. అది అచ్చయ్యాక గానీ తెలియలేదు, మనవాళ్లలో వైద్యం రాని పాఠకుడు ఒక్కడూ లేడని. ఒకాయన ఫోన్ చేసి సరస్వతి ఆకు పొడి నేతిలో కలిపి పెట్టమన్నాడు. ఒకావిడ బాదంపప్పు నానబెట్టి తినిపించమంది. నెల్లూరులో రిటైరైన లెక్చరర్ గారొకరు నవలను ఆకాశానికెత్తి, ఆఖర్న చేపల పులుసులో మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలో రాయలేదేమని నిష్ఠూరమాడారు. చదివాక లేచి వెళ్లి తమ అమ్మ పక్కన కూర్చున్నామని చెప్పి ఏడ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లతో పాటు ఫోన్లో నేనూ ఏడ్చాను.

నవలకు ముగింపు కావాలి కదా. మా అమ్మకేమో ఆ ఆలోచనే లేదు. రెండు పూటలా శుభ్రంగా తిని, సాయంత్రం నా చెయ్యి పట్టుకుని మైపాడు సముద్రపొడ్డున ఇసుకలో నడిచి వస్తోంది. ఇక ఆమెతో లాభం లేదని ఆఖరి అధ్యాయంలో నేనే ఆమెను చంపేశాను.

ఈ పుస్తకం అస్సలు నచ్చనివాడు ఒక్కడే, మా అన్న. చెన్నైలో ఉంటాడు. చదివిన రోజే ఫోన్ చేశాడు.

"అమ్మను తెచ్చి నడివీధిలో కూర్చోబెట్టినావు. చీర మీద చీర కట్టుకుంటాదని లోకానికి చెప్పాల్నా? ఇంగ మన గడప ఎవురు తొక్కుతారు?"

తర్వాతి ఆదివారం కారేసుకుని వచ్చేశాడు. అలాంటివాళ్లను బాగా చూసుకునే చోటు ఒకటి చెన్నైలో ఉందట. నర్సులుంటారు, డాక్టరుంటాడు, వేడుక చూసేవాళ్లు ఎవరూ రారు. గది కూడా మాట్లాడేసి వచ్చాడు. ఇంటికి పెద్దవాడు. ఆయన మాట కాదన్నవాళ్లు మా ఇంట్లో ఇంతవరకు లేరు.

నాకు కోపమొస్తే నోరు ఊరుకోదు. ఆ రోజు మాత్రం ఊరుకుంది. ఎందుకంటే అన్న గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "కరెంటు బిల్లుకొచ్చినావా అబ్బయా?" అంది. అన్న ముఖం నల్లబడిపోయింది. కొంతసేపయ్యాక, "నువ్వంటే తెలుసు. నేనెవురో తెల్దు. నేనొచ్చి మాత్రం ఏం లాభం?" అన్నాడు. నిజానికి నా పేరు కూడా ఆమెకు ఎప్పుడో పోయింది. నా చెయ్యి మాత్రం వదలదు, అంతే. ఆ చెయ్యి కూడా తప్పించి ఆమెను కొత్తచోట పడేస్తే ఏమైపోతుందోనని నా భయం. ఆ మాట పైకి అనలేక వంటింట్లోకి పోయి పులుసు గరిటె అందుకున్నాను.

మధ్యాహ్నం కాబోతోంది. వీధి చివర ఆడవాళ్ల ఏడుపు వినిపించింది. మా వైపు పరామర్శకు వచ్చే ఆడవాళ్లు ఇల్లు ఇంకా నాలుగిళ్లవతల ఉండగానే ఏడుపు అందుకుంటారు.

"ఎవురో పోయినట్టుండారు," అన్నాడు అన్న వరండాలోంచి.

ఎవరా అని నేను బయటికి వచ్చేసరికి ఆ ఏడుపు మా గేటు ముందే ఆగింది. రెండు ఆటోల నిండా వచ్చినట్టున్నారు. ముందున్న పెద్దావిడ గబగబా వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసి బావురుమంది.

"అయ్యో తల్లీ, ఎంత పని జరిగిపోయినాది! అంత సేవ చేసినావే, అయినా దక్కలేదే!"

పొరపాటున వేరే ఇంటికి వచ్చారనుకున్నాను. వాళ్లలో చిన్నావిడ కళ్లొత్తుకుంటూ తనెవరో చెప్పింది. బోగోలు దగ్గర జాలర్ల పాలెంలో అంగన్‌వాడీ టీచర్ అట. సాయంత్రాలు వీళ్లంతా ఎండుచేపలు ఏరుకుంటుంటే నా నవల గట్టిగా చదివి వినిపించేదట. "మొన్న ముగించినాం అక్కా. శుక్రవారం పరామర్శకు పోకూడదని ఈ రోజు దాకా ఆగి, పుస్తకంలో అడ్రసు చూసుకొని వచ్చినాం," అంది.

కథలో మనిషి పోతే అట్ట మూసి పడుకునే పాఠకులను చూశాను గానీ, ఆటో కట్టించుకుని పరామర్శకు వచ్చేవాళ్లు ఉంటారని కలలో కూడా అనుకోలేదు. అసలు విషయం చెబుదామని నోరు తెరిచేంతలో లోపలి నుంచి అమ్మ వచ్చింది.

అంతమంది ఆడవాళ్లు వరండాలో కూలబడి ఏడుస్తుంటే అమ్మ ఒక్క క్షణం నిలబడి చూసింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే కొంగు భుజం నిండా కప్పుకుని, వాళ్ల మధ్య చోటు చేసుకుని కూర్చుంది. పెద్దావిడ వీపు మీద చెయ్యి వేసి తనూ ఏడుపు అందుకుంది. ఇలాంటి ఇళ్లలో ఆమె ఎన్నిసార్లు కూర్చుని ఉంటుందో.

కాసేపటికి ముక్కు తుడుచుకుని అడిగింది. "ఎవురమ్మా పోయినాది?"

"ఈ పాప వాళ్లమ్మ," అంది పెద్దావిడ, నన్ను చూపిస్తూ.

"అయ్యో పాపం!" అమ్మ నన్ను దగ్గరకు లాక్కుని కొంగుతో నా కళ్లు తుడిచింది. "ఏం జబ్బు?"

"మతి పోయినాదంట."

"ఎవురి దగ్గర పోయినాది?"

పరామర్శలో అందరూ అడిగే ప్రశ్నే అది. చివరి రోజుల్లో ఎవరి దగ్గరుంది, గొంతులో ఎవరు నీళ్లు పోశారు అని.

"ఈ పాప దగ్గరే. చెయ్యి పట్టుకొనే పోయినాదంట."

"ఇంకేమమ్మా మరి!" అంది అమ్మ. "మారాణి చావు. ఏడవబాకండి."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి. అన్న వైపు చూశాను. కుర్చీలోంచి లేచి గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చివరికి ఆయనే చెప్పాడు.

"ఈమేనమ్మా ఆమె. మా అమ్మ. బతికే ఉంది."

ఏడుపు టక్కున ఆగిపోయింది. అంగన్‌వాడీ టీచర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దావిడ అమ్మ గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బతికుండావా తల్లీ!"

"ఉండక యాడికి పోతా?" అంది అమ్మ. "అది సరే, అన్నం తిన్నారా?"

ముందు పెద్దావిడే పకపకా నవ్వింది. ఆ తర్వాత వరండా అంతా నవ్వే. వచ్చినవాళ్లు నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. ఒకావిడ నా వీపు మీద చరిచి, "మమ్మల్ని ఇంత ఏడిపిస్తావా!" అని తిట్టింది. ఆ తిట్టు ముందు ఏ సన్మానమూ పనికిరాదు. పరామర్శకు వచ్చిన ఇంట్లో అన్నానికి చెయ్యి కడగకూడదు గానీ, ఇది పరామర్శ కాకుండా పోయింది కాబట్టి అందరూ కూర్చున్నారు. అన్నం మళ్లీ వండాను. అమ్మ నడుముకు కొంగు దోపి, కరెంటు బిల్లు మనిషికి పని పురమాయించింది. "చూస్తా నిలబడతావేంది అబ్బయా? పెరట్లో అరిటాకులు కోసుకురా!"

మా అన్న ఆకులు కోసుకొచ్చాడు, కడిగి పరిచాడు. అమ్మ వెనకాలే అన్నం గిన్నె పట్టుకుని తిరిగాడు. అమ్మ పులుసు వడ్డించి, వడ్డించిన సంగతి మరిచిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి వడ్డించింది. తినేవాళ్లు ఎవరూ వద్దనలేదు. వడ్డించే మనిషికి ఆ మరుపు ఉండడమే మంచిదనిపించింది నాకు.

తింటూ తింటూ పెద్దావిడ చెప్పింది. వాళ్ల ఆయనకూ ఇదే జబ్బు. గాలి సోకిందని ఎక్కడెక్కడో తాయెత్తులు కట్టించారట. నా నవల విన్నాకే అది జబ్బని తెలిసి నెల్లూరు పెద్ద డాక్టరుకు చూపించారట.

"నన్ను గుర్తుపడతాడా అమ్మా?" అన్నాడు అన్న ఉన్నట్టుండి. తర్వాత నాలుక కరుచుకుని, "మిమ్మల్ని, మిమ్మల్ని గుర్తుపడతాడా ఆయన?" అని సర్దుకున్నాడు.

"యాడ! ఎవురు నువ్వు అంటాడు దినామూ," అంది ఆవిడ మామిడికాయ ముక్క చీకుతూ. "పెండ్లికి ముందర మాత్రం నేనెవురో ఆయనకు తెలుసునా? మళ్లీ మొదట్నుంచి మొదులు పెట్టుకున్నాం, అంతే గదా నాయనా."

అన్న గిన్నె దగ్గరకు జరుపుకున్నాడు. ఆవిడ ఆకులో ఇంకో గరిటె అన్నం పెట్టాడు.

వాళ్లు ఆటోలెక్కాక అన్న చేతులు తుడుచుకుని వచ్చి అమ్మ ముందు కింద కూర్చున్నాడు. ఎన్నేళ్ల తర్వాతో ఆయన అలా కూర్చోవడం చూశాను. అమ్మ ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టే చూసింది.

"నువ్వెవురో గానీ అబ్బయా, మంచిగా వడ్డించినావు. మళ్లీ రా."

"వచ్చే ఆదివారం వస్తానమ్మా."

"ఎవురొచ్చినారని చెప్పుకోమంటావు?"

"నీ కొడుకొచ్చినాడని చెప్పుకో."

అమ్మ తల ఊపింది. "మంచిదే," అంది. "మర్యాద తెలిసిన బిడ్డవి. ఒక కొడుకుంటే నాకూ ఆసరా."

అన్న అప్పుడు ఏడ్చాడు, సిగ్గుపడకుండా, చిన్నపిల్లాడిలా. నేను ఏడవలేదు. గెలిచినవాళ్లు ఏడుస్తారా? లోపలికి పోయి, అడుగున మిగిలిన పులుసు మూత గట్టిగా ఉన్న గిన్నెలోకి తీశాను. మా పులుసు రేపటికి ఇంకా బాగుంటుంది.

ఆ గిన్నె తెచ్చి ఇచ్చాను. చెన్నై గది సంగతి అన్న ఎత్తలేదు, నేనూ అడగలేదు. అమ్మను కూర్చోబెట్టి తీసుకుపోదామని ఖాళీ చేసి తెచ్చుకున్న ముందు సీట్లో గిన్నె పెట్టి, ఒలకకుండా దానికి బెల్టు కట్టి, చెన్నై బయల్దేరాడు.