క్యాసెట్ చివర మిగిలిన పాటలు

ఆగస్టులో బహ్రెయిన్ రాజధాని మనామాలో విమానం దిగాను. ఉదయం ఆరింటికే చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. ఫౌజులో రాజస్థాన్ ఎండలు చూశానన్న గర్వం అక్కడే దిగిపోయింది. ఇక్కడ ఎండకి సముద్రపు ఉక్క తోడు. పోస్టింగు ఆ ఊళ్ళోనే జింజ్ అనే పేటలో, విదేశీయులుండే ఇళ్ళ కాంపౌండుకి మొదటి గేటు. డ్యూటీ పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు. చేతికి లాఠీ, నడుముకి వాకీటాకీ. శత్రువులు లేరు, పిల్లులుండేవి.

అసలు యుద్ధం ఇంటి దగ్గర. పదిహేడేళ్ళు సైన్యంలో చేసి, హవల్దారుగా పింఛనుతో వచ్చానో లేదో గల్ఫు వీసా తెచ్చుకున్నాను. మా ఆవిడ సత్యవతి "మళ్ళీనా?" అంది. అంతే, నాతో మాట మానేసింది. ఊళ్ళో ఫోను లేదు. గల్ఫులో అందరిలాగే మేమూ మాటల్ని క్యాసెట్‌లో నింపి, సెలవు మీద వెళ్ళేవాళ్ళ చేత పంపుకునేవాళ్ళం. ఇంటి నుంచి వచ్చే ప్రతి క్యాసెట్‌లో అమ్మ, పిల్లలు, ఆఖరికి పక్కింటివాళ్ళూ మాట్లాడేవారు. ఆవిడ మాత్రం ఒక్క ముక్క మాట్లాడేది కాదు. వెనకెక్కడో గిన్నె చప్పుడైతే అది ఆవిడదేనని, టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వినేవాణ్ణి.

రెండో గేటు కాపలాదారుది కరీంనగర్. నేను రికార్డు చేస్తుంటే ఒకసారి పక్కనే కూర్చుని విన్నాడు. మర్నాడు వాకీటాకీలో అన్నాడు:

"అన్నా, నువ్వు వదినెతోని మాట్లాడుతున్నవా, రిపోర్టు ఇస్తున్నవా? ఓవర్."

నాకు ఒళ్ళు మండింది. "అంతా ఠీక్. ఓవర్" అన్నాను.

కాంపౌండులో ఓడల మెకానిక్కు ఒకాయన ఉండేవాడు, అమెరికావాడు. శుక్రవారం సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని ఎప్పుడూ ఒకే క్యాసెట్ పెట్టేవాడు. వాళ్ళ పల్లెల్లో పాత పాటలట. పెళ్ళాం వదిలేసిపోయినవాడు బారులో గ్లాసు ముందు పెట్టుకుని పాడుకునేవట. గిటారు తీగ మీద ఇనుప ముక్క జారుస్తుంటే అది మూలిగేది. ఇంగ్లీషు సగం కూడా అర్థం కాలేదు నాకు. ఏడుపు మొత్తం అర్థమైంది. వాళ్ళ దేశం వెళ్ళిపోతూ ఆ క్యాసెట్ నాకిచ్చాడు.

ఆ నెలలోనే మా ఊరి పక్క రావులపాలెం వెళ్ళేవాడొకడు దొరికాడు. ఖాళీ క్యాసెట్ లేదు. మేమంతా చేసే పనే చేశాను. మళ్ళీ రికార్డయ్యేలా క్యాసెట్ అంచున ఉండే చిల్లులకి ప్లాస్టర్ అంటించి, ఆ పాటల మీదే నా మాట ఎక్కించాను. ఆరోగ్యం, ఎండలు, తిండి. అంతటితో ఆపేశాను. చెరగని పాటలు చివర్లో మిగిలి ఉంటాయని తట్టనేలేదు.

జవాబు చాలా రోజులకి వచ్చింది. గేటు క్యాబిన్‌లో పెట్టుకుని విన్నాను. అమ్మ, పిల్లలు అయ్యాక ఎవరో గొంతు సవరించుకున్నారు.

"మీరు సెప్పిందంతా ఇన్నానండి. ఎండలంటారు, తిండంటారు. ఆ తర్వాత ఎవరో పాడాడు. ఆ బాస నాకేం తెలుసు? కానీ పెళ్ళాం కోసం ఏడుత్తున్నాడని తెలిసింది. నన్నెప్పుడన్నా అలా పిలిచారా మీరు?"

బయట కారు హారన్ కొడుతోందట, నాకు వినపడలేదు. రెండో గేటు నుంచి ఏమైందని అడిగితే, ఠీక్ అనకుండా టేపు వెనక్కి తిప్పాను.

వీసా అయిపోయాక పొద్దున్నే ఇంటికి చేరాను. పెరటి వసారాలో సత్యవతి పిండి రుబ్బుతోంది. అడుగుల చప్పుడు విన్నా తిరగలేదు.

"సత్యా, నువ్వు లేకుండా అక్కడ నాకు ఒక్క పూట కూడా బాగాలేదు" అన్నాను. పెళ్ళయ్యాక అలాంటి మాట నా నోట్లోంచి రావడం అదే మొదలు.

అప్పుడూ తిరగలేదు. పొత్రం ఆగింది. దాని మీద పిండి అంటిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇవాళ్టికీ కళ్ళు మూసుకుంటే నాకు ఆ చెయ్యే.