ఎదురింట్లో మోగే బెల్లు

మా ఇంట్లో నొక్కిన బెల్లు ఎదురింట్లో మోగింది. మల్లాపూర్ నుంచి ఉప్పల్ దాకా నేను చేసిన ఈ ప్రయాణానికి కారణం అదే. దూరం ఎంతో లేదు. కానీ ఇంట్లో లేవలేని మనిషిని వదిలి బయలుదేరేవాళ్ళకు నాచారం కూడా కాశీ అంత దూరం.

మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. వాకర్ పట్టుకుని నడిచినా పక్కన ఒక మనిషి ఉండాలి. ఒంటికి వస్తే ఆపుకోలేదు. కేకేయడానికి గొంతు చాలదని, చేతిలో పెట్టుకుని నొక్కే వైరు లేని బెల్లు ఒకటి తెప్పించాను. ఎదురింటి సరూప వాళ్ళ గుమ్మం బెల్లు పిట్ట కూసినట్టు ముద్దుగా ఉంటుందని, ఏరికోరి అదే ఆర్డర్ పెట్టాను. ఇంకేముంది, రెండింటి సిగ్నలూ ఒకటే కావడంతో అమ్మ నొక్కితే రెండిళ్ళలోనూ పిట్ట కూసింది. వాళ్ళింటికి పాలవాడొచ్చి నొక్కితే నేను అమ్మ దగ్గరికి పరుగెత్తేదాన్ని. నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి.

సరూప ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మాటిమాటికీ మిషన్ ఆపి లేచి తలుపు తీయడం, ఎవరూ లేకపోవడం. చివరికి సంగతి అర్థమై మా ఇంటికొచ్చింది.

"పెద్దమ్మ బాత్రూంకు పోవాల్నా అక్కా? నేను వట్టుకోవాల్నా?"

పాపం, మంచికే అడిగింది. అమ్మ మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. సరూప వెళ్ళాక నా మీద విరుచుకుపడింది.

"అల్లుని ఇంట్ల ఇట్ల పడి ఉన్నదే సిగ్గు. ఇప్పుడు ఎదురింటికి గూడ ఎర్క జేసినవ్. ఇగ ఆ బెల్లు ముట్ట."

అన్నంత పనీ చేసింది. దానికి తోడు మంచినీళ్ళు తాగడం మానేసింది. తాగితే కదా, లేవాల్సింది! పెదవులు ఎండిపోతున్నా గ్లాసు పక్కకు నెట్టేది. ఇలాగైతే మళ్ళీ మూత్రంలో మంట మొదలవుతుందని డాక్టరమ్మ కోప్పడింది. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎదురింట్లో మోగని బెల్లు ఒకటి, రాత్రిపూట వేసుకోవడానికి ప్యాడ్లు, ఈ రెండూ తేవాలనుకున్నాను.

మా ఆయన డ్యూటీకి వెళ్ళాక అమ్మకు తినిపించి, బాత్రూంకు తీసుకెళ్ళి తెచ్చి, పదకొండింటికి తయారయ్యాను.

"సరూపకు జెప్పి పోతనే" అన్నాను.

"జెప్పినవంటే నా మీద ఒట్టు. రెండు గంటలు నాకేం గాదు, పో."

పాత బెల్లు దిండు పక్కన, ఫోను చేతికందేంత దూరంలో పెట్టి, తలుపు దగ్గరికి వేసి మెట్లు దిగాను. ప్రాణమంతా ఇంట్లోనే ఉంది.

నాచారం దాకా షేర్ ఆటో. అక్కడ మెడికల్ షాపులో గొంతు బాగా తగ్గించి పెద్దవాళ్ళ డైపర్లు కావాలన్నాను. కౌంటర్ దగ్గరి మనిషి లోపలికి తిరిగి "పెద్దోళ్ళ డైపర్లు తియ్! మీడియమా, లార్జా అక్కా?" అని అరిచాడు. బస్టాపులో నిలబడ్డవాళ్ళకు కూడా వినపడి ఉంటుంది. నేను బిక్కమొహం వేశాను. పక్కన షుగర్ మాత్రలు కొంటున్న పెద్దాయన నావైపు తిరిగాడు.

"నడుము కొలత సూస్కోని తీస్కో చెల్లె. మా ఇంటామెకు ప్యాంటు లెక్క తొడిగేదే మంచిగున్నది. ముందుగాల సిన్న ప్యాకెట్ కొను."

ఉప్పూ పప్పూ గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆయన్ని చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అయినా షాపతను ప్యాకెట్‌ను పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, దొంగసొమ్ములా చేతికిచ్చాడు. ఈ దారిన వచ్చేవాళ్ళకు నేను చెప్పేదొకటే, కొలత తీసుకుని రండి, సిగ్గు ఇంట్లో పెట్టి రండి.

ఉప్పల్ బస్సులో ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు, అదృష్టం కొద్దీ కిటికీ సీటు. హబ్సిగూడ దాటాక మెట్రో స్తంభాల నీడ ఒళ్ళో పడుతూ పోతూ ఉంది. రింగ్ రోడ్డు దగ్గర దిగి, సెల్‌ఫోన్ సామాన్ల షాపుల్లో మూడోదానిలో నాకు కావలసింది దొరికింది. వైరు లేని ఇయర్‌ఫోన్లు, చేతికి కట్టుకునే వాచీలు, వాటి మధ్య బెల్లు.

"దీంట్ల సెట్టింగ్ మార్చుకోవచ్చు అక్కా, ఇంకొకలింట్ల మోగది. నమ్మకం లేకుంటే రోడ్డు మీదికి పోయి కొట్టు" అన్నాడు షాపాయన.

నమ్మకం లేదు కాబట్టి పోయాను. మెట్రో స్తంభం పక్కన నిలబడి నొక్కితే, ఆయన షాపులోంచి రెండు చేతులూ ఊపాడు. దారినపోయేవాళ్ళు నన్ను వింతగా చూశారు. చూడనీ. కొనేసి, టీ కూడా తాగకుండా తిరుగు బస్సెక్కాను.

ఉప్పల్ చౌరస్తా దాటకుండానే బస్సు ఆగిపోయింది. ముందు లారీలు, వెనక లారీలు. ఒంటిగంట దాటింది. అమ్మకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మొన్న ఎవరినీ పిలవకుండా ఒక్కతే లేచి తడి గచ్చు మీద జారబోయి, వాకర్ ఆసరాతో నిలదొక్కుకుంది. ఆ సంగతే గుర్తొచ్చింది. సరూపకు ఒక్క మాట చెబితే అయిపోతుంది. కానీ ఒట్టు! ఏం మనిషివే అమ్మా, సిగ్గు ఎక్కువా, కాలు ఎక్కువా?

"ఏమైంది బిడ్డా, గట్ల చెమటలు వడుతున్నయ్?" పక్క సీటు ముసలమ్మ అడిగింది. మా అమ్మ ఇంట్లో ఒక్కతే ఉందని, ఫోన్ ఎత్తడం లేదని, పక్కవాళ్ళకు చెప్పొద్దని ఒట్టు పెట్టిందని చెప్పాను.

"ఒట్టును గట్టు మీద పెట్టు. ఫోన్ గొట్టు" అంది.

సరూప నంబర్ వెతుకుతుండగానే సరూప ఫోనే వచ్చింది.

"అక్కా, పెద్దమ్మ బెల్లు గొట్టింది. పోయిన. బాత్రూంకు తోల్కపోయి తోల్కొచ్చిన. జర మాట్లాడుతదట."

అమ్మ గొంతు వినగానే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంట్లో నేను లేనని తెలిసే, వచ్చేది సరూప ఒక్కతేనని తెలిసే నొక్కింది.

"కొన్నవా కొత్త బెల్లు?"

"కొన్న."

"సరే గని, పాతది తియ్యకు. సరూప మంచిగ వట్టుకున్నది. నువ్వు ఉరికురికి రాకు, నిమ్మలంగ రా."

నిమ్మలంగా రమ్మని ఈ మధ్య నాతో ఎవరూ అనలేదు. నాచారంలో దిగి, బండి దగ్గర కూర్చుని ఒక టీ తాగాను, వేడివేడిగా, పూర్తిగా. తర్వాత ఆటో ఎక్కి మల్లాపూర్ చేరాను. నల్ల కవరూ, పేపరూ తీసి పడేసి, ప్యాకెట్ చంకలో పెట్టుకున్నాను.

మా మెట్లు ఎక్కుతుంటే రెండిళ్ళలోనూ ఒకేసారి పిట్ట కూసింది. పరుగెత్తాను. ఎదురింటి తలుపు కూడా తెరుచుకుంది, సరూప మెడలో టేపుతోనే వచ్చింది. ఇద్దరం కలిసి లోపలికి దూసుకెళ్ళాం.

అమ్మ మంచం మీద నిమ్మలంగా కూర్చుని ఉంది. బెల్లు చేతిలో ఉంది.

"ఇద్దరొచ్చిన్రా? ఎవలన్న ఒకలు మంచినీళ్ళియ్యిన్రి. దూప అయితున్నది."