గాలి మేస్త్రి ముక్కు

మా బావకి ఎవరి మీదా నమ్మకం కుదరదు. కూరలవాడు తూకం వేస్తుంటే కిందికి వంగి చూస్తాడు. డాక్టరు మందు రాసిస్తే, మందుల షాపువాడికీ ఆ డాక్టరుకీ చుట్టరికం ఏమైనా ఉందా అని ఆరా తీస్తాడు. పెళ్లి ఫొటోలో కూడా మా అక్క పక్కన నిలబడి, ఫొటోగ్రాఫరు వంక దొంగని చూసినట్టే చూస్తుంటాడు. లోకంలో ఆయన నమ్మేది ఒక్కదాన్నే, తన ముక్కుని.

ఆ ముక్కే ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతోంది. విమానాలు బాగుచేసే షెడ్డులో ప్రయాణికులు పీల్చే గాలి సంగతి చూడటం ఆయన పని. అందరూ గాలి మేస్త్రి అంటారు. విమానం లోపలి గాలిలో సగం ఫిల్టర్ల గుండా తిరిగి వచ్చేదే. మిగతా సగం బయటి నుంచి ఇంజిన్ల మీదుగా వస్తుంది. ఇంజిన్లో ఎక్కడైనా ఆయిల్ కారితే ఆ ఆవిరి కూడా గాలితో పాటే లోపలికి జొరబడుతుంది. నానబెట్టి మరిచిపోయిన సాక్సుల వాసన అది. కాసేపు పీలిస్తే తల తిరుగుతుంది.

అలాంటి ఫిర్యాదు వస్తే విమానాన్ని నేల మీదే ఉంచి, వేడిగాలి వదిలించి, బావ ఒక్కో వరసలో కూర్చుంటాడు. నెత్తి మీది గాలి మూత తిప్పి, కళ్లు మూసుకుని వాసన చూస్తాడు. కొలిచే యంత్రం లేకపోలేదు. కానీ అది పసిగట్టలేని వాసనల్ని ఈయన చాలాసార్లు పసిగట్టాడు. అందుకే ఆయన బాగుందంటే షెడ్డులో ఇంకెవరూ మారుమాట్లాడరు.

నేను ఆ విమానాల్లోనే ఎయిర్‌హోస్టెస్‌ని. చలి అన్నవాడికి దుప్పటి, ఉక్క అన్నవాడికి మంచినీళ్లు ఇస్తాను. ఇద్దరూ పక్కపక్క సీట్లలో ఉంటే దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

ఈమధ్య ఒకే విమానంలో మూడుసార్లు ఆ సాక్సుల వాసన వచ్చింది. మూడుసార్లూ ఫిర్యాదు చేశాను. మూడుసార్లూ బావ వాసన చూసి, ఏమీ లేదని తేల్చేశాడు. చివరిసారి వెనక వరసలో ఒక పెద్దావిడ వాంతి చేసుకుంది. నా తల నొప్పితో పగిలిపోయింది. బావ ఆ విమానం చూసి వచ్చేదాకా ఆగి, షెడ్డు గుమ్మంలో పట్టుకున్నాను.

“నీకు నిజంగా వాసన రాలేదా బావా?”

“వస్తే రాలేదని ఎందుకంటాను? డ్యూటీ ఎగ్గొట్టాలంటే జ్వరమని చెప్పుకో. నా గాలి మీద పడతావేం?”

“నేను అబద్ధం చెప్తున్నానా?”

“ఎవరు చెప్పమన్నారో అది చెప్పు ముందు.”

నాకు ఒళ్లు మండిపోయింది. విమానం ఆగితే కంపెనీకి నష్టం కనక పైవాళ్లు ఈయనకి ఏదో ఆశ చూపించే ఉంటారనుకున్నాను. ఇన్నాళ్లూ ఆయన అనుమానాలకి నవ్వినదాన్ని, ఆయన కాళ్లకున్న కొత్త బూట్లు చూసినా ఎక్కడివి అని ఆలోచించడం మొదలుపెట్టాను.

ఇంట్లోనూ ఆయన గొడవలు ముదిరాయని ఆ రాత్రి అక్క ఫోన్లో వాపోయింది. “జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ ఇంతేనే. కాఫీ పొడి కల్తీదని షాపువాడితో తగువు. సబ్బు దొంగ సరుకట. కూరలో ఉప్పూ కారం నేనే దాచేస్తున్నానట. ఎవరికి దాస్తానే నేను?”

మర్నాడు సాయంత్రం మళ్లీ అదే విమానంలో నాకు డ్యూటీ పడింది. ఆయనతో తాడోపేడో తేల్చుకుని మరీ ఎక్కుదామని మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. లోపల అడుగు పెట్టగానే గ్యాసు వాసన గుప్పుమంది. వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు బుస్సుమంటూనే ఉంది. దానికి వీపు పెట్టి, బల్ల దగ్గర మా బావ తాపీగా పేపరు చదువుకుంటున్నాడు.

పరుగెత్తి పొయ్యి కట్టేశాను. కిటికీలు బార్లా తెరిచాను. “స్విచ్చి ముట్టుకోకు బావా! గ్యాసు! ఇంత వాసన వస్తుంటే ఎలా కూర్చున్నావు?”

ఆయన పేపరు దించి నన్ను ఎగాదిగా చూశాడు. “ఏం వాసన? నాకు పరీక్ష పెట్టడానికి వచ్చావా?”

అంతలో డాబా మీద ఆరేసిన బట్టలు తీసుకుని అక్క దిగి వచ్చింది. గుమ్మంలోనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, ఇదేం గ్యాసు వాసనండీ!”

“ఓహో, ఇద్దరూ ముందే అనుకున్నారన్నమాట,” అన్నాడు బావ. కానీ గొంతులో పస లేదు. లేచి పొయ్యి దగ్గరికి వెళ్లాడు. పొంగి కారిన పాలని చూశాడు. అక్కడే ఉన్న ఉల్లిపాయని రెండు ముక్కలుగా కోసి ముక్కుకి ఆనించుకుని గట్టిగా పీల్చాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి. ఇంకోసారి పీల్చాడు.

“ఏమీ రావట్లేదే,” అన్నాడు అక్కతో, చిన్నపిల్లాడిలా.

అక్క బట్టలన్నీ కింద పడేసి ఆయన చెయ్యి పట్టుకుంది. ముక్కు పోయిన గాలి మేస్త్రిని ఎవరు ఉంచుకుంటారో మా ముగ్గురికీ తెలుసు. నాలుగు రోజులు ఓపిక పడితే తగ్గిపోతుందేమో, అప్పటిదాకా ఎవరికీ చెప్పకండి అంటాడేమోనని నేను భయపడ్డాను. అంటే కాదనే ధైర్యం నాకు ఉందో లేదో కూడా తెలియలేదు.

ఆయన ముఖం తుడుచుకుని, వాకిట్లోకి వెళ్లి షెడ్డుకి ఫోన్ చేశాడు.

“నిన్న నేను బాగుందన్న విమానాన్ని సాయంత్రం పంపకండి. ఆయిల్ ఎక్కడో కారుతోంది. మళ్లీ విప్పి చూడాలి.”

అవతల సూపర్‌వైజరు పగలబడి నవ్వడం వెనకే వెళ్లిన మాకు కూడా వినిపించింది. “మళ్లీ మొదలెట్టావా మేస్త్రీ? ఈసారి ఎవరి మీద నీ అనుమానం?”

బావ మా వైపు చూశాడు. చేతిలో ఉల్లిపాయ ముక్క అలాగే ఉంది.

“నా మీదే సార్,” అన్నాడు. “నాకు వాసన తెలియట్లేదు. నా మాట నమ్మకండి.”