ఎవరి చెయ్యీ పడని మోరిస్

పోతయ్య మణుగూరు బొగ్గుగని వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ డ్యూటీ దిగితే ఇంటికి వెళ్లేవాడు కాదు, స్నేహితుడు సారంగపాణి షెడ్డుకి వెళ్లేవాడు. అక్కడ 1954 నాటి మోరిస్ మైనర్ కారు ఉంది. భద్రాచలంలో కలప వ్యాపారం చేసిన సారంగపాణి తాత దాన్ని ఓ ఇంగ్లీషు దొర దగ్గర కొన్నాడట. దానికి సామాన్లు బజార్లో దొరకవు. దొరకనివన్నీ పోతయ్య లేత్ మిషన్ మీద తానే చేశాడు, పైసా పుచ్చుకోకుండా. "నాది పేరుకే, కారు నీదే పోతన్నా" అనేవాడు సారంగపాణి. పక్క క్వార్టర్‌లో ఉండే నాకు పోతయ్య ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకుని మురిసిపోయాడో లెక్కలేదు.

మొన్న వేసవిలో సారంగపాణి షెడ్డు పడగొట్టి కిరాయి గదులు కట్టాలనుకున్నాడు. కారు కొనడానికి హైదరాబాద్ నుంచి వెంకటరామారావు అని పాతకార్లు సేకరించే ఆయన వస్తున్నాడని, వచ్చి ఉండమని పోతయ్యకు కబురు పెట్టాడు. పోతయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నన్నూ వెంటబెట్టుకెళ్లాడు. ఆయన ఆశ ఒక్కటే, ఈ పనితనం తనదని కొనేవాడికి తెలియాలి.

వెంకటరామారావు లెక్క వేరు. "పాతదైతే చాలదండీ. ఎవరూ విప్పకుండా, కంపెనీ సామాన్లతోనే ఉంటే ఎనిమిది లక్షలు. ఊళ్లో చేయించిన ముక్కలుంటే మూడే" అన్నాడు.

సారంగపాణి తడుముకోలేదు. "ఇంజన్ మీద ఎవరి చెయ్యీ పడలే సార్. ఈయన పోతయ్య, వారానికోసారి వచ్చి కడిగిపోతడు."

నాకు ఒళ్లు మండింది. పోతయ్య తల దించుకున్నాడు. అంత నమ్మకద్రోహాన్నీ ఆ వెర్రిబాగులాయన మింగేసేవాడే. కానీ వెంకటరామారావు మర్యాదకు పోతయ్యతో చెయ్యి కలిపి, చూపుడువేలు సగమే ఉందేమని అడిగాడు.

"గనిల పోయింది సార్" అంటూ సారంగపాణే అందుకున్నాడు.

పోతయ్య తలెత్తాడు. "గనిల కాదు సార్. దీని ఫ్యాన్‌ల పడి పోయింది. వాటర్ పంపు గూడ నేను జేసిందే. బానెట్ లేపుండ్రి, చూపిస్త."

బానెట్ ఎత్తి చూసిన వెంకటరామారావు, అబద్ధం చెప్పినచోట బేరమే వద్దని వెళ్లిపోయాడు.

సారంగపాణి కారు పక్కనే కూలబడ్డాడు. "ముప్పయేండ్ల దోస్తానా మనది. నువ్వు గిట్ల మోసం జేస్తవనుకోలే పోతన్నా" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు నిజమైనవే.